ఎద్దుల పెంచలనరసయ్య ఎంచిన కార్బరేటరు

ఏందబ్బయ్యా, ఆ గొడ్లకొట్టంలో ఉండే కారు ఎవురిదంటావా? కోళ్ళు గుడ్లు పెట్టే ఆ బుల్లి కారేగా? కూచో, చెప్తా. అది ఎద్దుల పెంచలనరసయ్యది. ఆయన పొయ్యి శానా ఏండ్లయిందిలే. దొరలు ఎళ్ళిపొయిన కొత్తల్లో నెల్లూర్లో ఎవురో వకీలు దాన్ని వదిలించుకుంటే ఈయన కొనుక్కోనొచ్చినాడు. మన ఆత్మకూరు మొత్తానికీ పశువుల్ని చూడ్డంలో ఆయన్ని మించినోడు లేడు. పళ్ళు, సుడులు, గిట్టలు చూసి ఆ ఎద్దు తల్లి ఎట్టాంటిదో కూడా చెప్పేసేవాడు. ఆ తెలివే కొంప ముంచింది, విను.

ఆయన పెళ్ళాం దేవకమ్మ. పుట్టిల్లు ఉదయగిరి. ఆయమ్మ అన్న కొడుక్కి చెవులు కుట్టిస్తా ఉంటే మొగుడూ పెళ్ళాం కార్లో పొయినారు. ఉదయగిరి బజారు నడిమధ్యలో నిలబడిపొయింది కారు. ఆయమ్మ లోపల, వెనకాల అన్నలంతా ‘ఐలెస్సా’ అని తొయ్యడం, అరుగుల మీద ఆడోళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. దేవకమ్మ దిగింది. “ఇదిగో, దీన్ని ఎవురూ తొయ్యకుండా ఈ ఊళ్ళో నడిపిన రోజే నేను నీతో వచ్చేది. అందాకా నీ కూడు నువ్వే వండుకో” అనేసి పుట్టింట్లో కూచుంది. పైకి మీసం దువ్వేవాడు గానీ, తల్లి కామాక్షమ్మ కూడా కోడలి పక్షమే చేరి పలకరించకపొయ్యేసరికి, తను వండుకున్న మాడిన కూడు తినలేక సగమైపొయినాడు పాపం.

అప్పుడు మునెయ్య ఉండేవాడు, బస్సులు రిపేరు చేసేవాడు. వాడు కారు విప్పి “అన్నా, కార్బరేటరు పొయింది” అన్నాడు. అదేందంటావా? పెట్రోలుకి గాలి కలిపి ఇంజనికి తాపే సామాను. వాడు రెండు తెచ్చి గోనెపట్ట మీద పెట్టినాడు. ఒకటి పిడికిలంత. ఇంకోటి పాత లారీది, గుమ్మడికాయంత. ఇంక మనోడు సంతలో మాదిరి గొంతుక్కూచున్నాడు. వాటి నోట్లో వేలు పెట్టి చూసినాడు. వీపు తట్టినాడు. తిప్పి తిప్పి సుడి ఏమన్నా ఉండాదా అని వెతికినాడు, నిజం! రెండిట్లోనూ పెట్రోలు పోయించినాడు. చిన్నది బొట్టు బొట్టుగా తాగింది, పెద్దది గటగటా లాగేసింది. “చూసినావంట్రా తాగే తీరు! ఇదీ బండి లాగేది. ఆ పిల్లది రోగిష్టిది, కుడితి కూడా ముట్టదు.” మునెయ్య “ఇంజను చిన్నది గదన్నా” అని గొణిగినాడు. ఈయన వింటేనా? తువ్వాలు తీసి చేతుల మీద కప్పి, లోపల మునెయ్య వేళ్ళు పట్టుకున్నాడు, ఎద్దుల బేరంలో ఎవురికీ తెలీకుండా వేళ్ళతో ధర చెప్పుకుంటారే, అట్టా. ఆ వేళ్ళ లెక్క వాడికి తెలిస్తేగా! చక్కిలిగిలి పుట్టి నవ్వినాడు. బేరం కుదిరిందనుకున్నాడు ఈయన.

బిగించినారు. మెల్లగా పోనిస్తే దగ్గి చచ్చేది. పూర్తిగా తొక్కితే పిచ్చెద్దు పరుగు. ఆ రెండిటికీ మధ్యన ఇంకేం లేదు. ఆత్మకూర్లో మేమంతా తోసి పంపించినాం. దోవలో దుత్తలూరులో మేకలన్నీ చెదిరిపొయినాయంట. ఉదయగిరి చేరినాడు. ఆపితే మళ్ళీ తొయ్యాల, ఆపకపోతే ఆయమ్మ ఎక్కేదెట్టా? “దేవకా! వచ్చినానే!” అని అరుస్తా అత్తగారి ఇల్లు దాటిపొయినాడు. బజారు చుట్టుకుని మళ్ళీ వచ్చినాడు. “ఎవురూ తొయ్యలేదే, చూడవే!” మళ్ళీ పొయినాడు. బావమరుదులు అరుగు మీద నోళ్ళు తెరుచుకుని నిలబడిపొయినారు. దేవకమ్మకి సంగతి అర్థమైపొయింది. కుచ్చెళ్ళు ఎగదోపింది, గుడ్డల మూట కార్లోకి ఇసిరింది, పక్కనే పరిగెత్తి ఎగిరి ఎక్కేసింది! అవునబ్బయ్యా, ఆ కాలంలో!

ఇక్కడ మన ఊళ్ళో కారు మోత ఊరి బయటే వినపడి, కామాక్షమ్మ ఎర్రనీళ్ళ పళ్ళెం పట్టుకుని వాకిట్లో నిలబడింది, కోడలికి దిష్టి తియ్యాలని. ఆగితేగా! రయ్యిమని సొంత ఇల్లే దాటిపొయినారు. ఎర్రనీళ్ళన్నీ దోవన పోతా ఉండే మల్లికార్జునం శెట్టి తెల్లపంచె మీద పడినాయి. అవతల సంగం ఊరి దగ్గర పెట్రోలు అయిపొయినాక నిలబడింది కారు. ఇంకేముంది, మళ్ళీ పుట్టింటికి పోతాదని ఈయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడంట. ఆయమ్మ దిగి కొంగు నడుముకి చుట్టుకునింది. “మా అన్నలు తోస్తే నాకు తలకొట్టేసినట్టయింది. నా మొగుడి కారు నేను తోసుకుంటే ఎవుడేమంటాడు? నువ్వు కూచో.”

తర్వాత మునెయ్య చిన్నది బిగిస్తానన్నా ఆయమ్మ ఒప్పుకోలేదు. “ఇన్నాళ్ళూ సంతలని నన్నొదిలేసి తిరిగినాడు. ఇప్పుడు నేను లేకుండా ఊరు కదలమను చూస్తా” అనింది. యాడికి పోవాలన్నా ఆయమ్మే తోసేది, ఎగిరి ఎక్కేది. జనం నవ్వితే తనూ నవ్వేది.

ఆయమ్మ కాలం చేసినాక కారు కొట్టంలోనే ఉండిపొయింది. నేనే ఒకరోజు అడిగినా, “బయటికి తియ్యరాదా పెంచలన్నా, తోసేదానికి మేం లేమా” అని. “మీరు తోస్తే ఎట్టరా” అన్నాడు. అంతే. ఆ... ఏంది నువ్వు, కాఫీ చల్లారిపోతా ఉండాది, తాగు.