తౌకే తోటలో తాబేలు మామ్మ

"ఆంటీ, మీ ఇంట్లో పెద్ద తాబేలు ఉండేదంట కదా, మా అమ్మ చెప్పింది. నిజమా?"

మా ఇంట్లో కాదు తల్లీ. దాని తోటలోనే మా ఇల్లు ఉండీది, అలగనుకో. కూకో, ఆ ఫ్యాను కింద కూకో. పుంగ్గోల్ పేటలో ఈ ఫ్లాటు ఇప్పటిది. అప్పుడు సముద్రం ఒడ్డున ఒక తౌకే బంగళా ఉండీది. చీనా ఆసామి, పెద్ద వ్యాపారం. మా మాఁవ ఆ తోటకి కెబున్, అదే, తోటపనోడు. ఆయన పోయాక ఆ పని మా ఆయనకి వొచ్చింది. నానేమో ఇక్కడికి ఉత్తరాన పేరాక్‌లో, మా తాతలు కూలికొచ్చిన కొబ్బరి తోటల్లో పుట్టినదాన్ని. పెళ్ళయ్యి ఇక్కడికొచ్చీసరికి పంతొమ్మిదేళ్ళు... కాదు, ఇరవై. తోటలో కాలు పెట్టానో లేదో, ఒక బండరాయి లేచి నడిచింది. నాను కెవ్వుమన్నాను. మా అత్త నవ్వి, "భయపడకే, అది మా మామ్మ" అంది.

మామ్మ అనే పిలిచీవోళ్ళం అందరం. గంగాళం బోర్లించినట్టు ఉండీది, ఇంకా పెద్దదేలే. అదెక్కడిదంటే, ఆఫ్రికా పక్కన ఎక్కడో సముద్రంలో దీవులున్నాయట. మనుషులు లేనప్పుడు అక్కడ ఇవే ఉండీవట, గొర్రెల మందల్లాగ. ఓడలోళ్ళు దిగి ఎత్తుకుపోయీవోరు. ఎందుకంటే, నెలల తరబడి తిండీ నీళ్ళూ లేకపోయినా చచ్చిపోవు. ఓడ అడుగున తిరగేసి పడీస్తే చాలు, కావాలన్నప్పుడు కోసుకోవచ్చు. దాని ఓర్పే దాని కొంప ముంచింది.

అలగొచ్చిన ఒక కప్తాను మా తౌకే తండ్రికి నాలుగింటిని బహుమానం ఇచ్చాడట. ఇదంతా నాను రాకముందు మాట, మా మాఁవ చెప్పిందే. ఆ ఇంట్లో పెద్దోళ్ళ పుట్టినరోజొస్తే ఒకదాన్ని కోసీవోరట. తాబేలు శానా ఏళ్ళు బతుకుతాది కదా, తింటే మనకీ ఆయుష్షొస్తాదని.

"అన్నీ తినేశారా, ఆంటీ?"

మూడు. తిన్నోళ్ళూ పోయారు, ఏం మిగిలింది? మా మాఁవా తిన్నాడు ఒకసారి, దాచలేదు పాపం, కోడికూరలాగే ఉంటాదనీవోడు. నాలుగోదాని వంతొచ్చీసరికి తౌకే నాయనమ్మ అడ్డుపడింది. పిల్లలు దీని మీదెక్కి ఆడుకుంటన్నారు, ఉంచండి అంది. అలగ మిగిలింది మామ్మ.

మా ఆయన పేరు రాములు. పొద్దున్నే పైపుతో దానికి నీళ్ళు కొట్టి, మెడ కింద వేళ్ళతో గీరీవోడు. అలగ గీరితే నాలుగు కాళ్ళ మీదా లేచి, మెడ చాపి, కళ్ళు మూసుకుని నిలబడిపోయీది. మందార పూలంటే ప్రాణం. మా అత్త పూజకి ఒక్కటి మిగిల్చీది కాదు, ఆవిడ తిట్టీది, ఇది తినీది.

ఏడాదికోసారి గుడ్లు పెట్టీది. వెనక కాళ్ళతో గొయ్యి తవ్వుతాది, వెనక్కి తిరిగి చూడనే చూడదు. తెల్లటి గుండ్రటి గుడ్లు, బంతుల్లాగ. పెట్టి, మట్టి కప్పి, ఎళ్ళిపోతాది. మగది లేదు కదా, ఆ గుడ్లలో ఏటుంటాది? మా ఆయనకీ తెలుసు. తెలిసీ చుట్టూ కర్రలు పాతి కంచె కట్టీవోడు, కుక్కలు తవ్వీస్తాయని. ఎందుకయ్యా అంటే, "అది అంత కష్టపడి కప్పింది, మనం కాపలా అయినా ఉండొద్దా?" అనీవోడు. నెలలు గడిచాక తవ్వి, కుళ్ళిన గుడ్లు తీసి అరటి మొదట్లో పాతీవోడు. ఆ రోజు అన్నం సరిగ్గా తినీవోడు కాదు.

ఒకసారి ధైర్యం చేసి తౌకే కొడుకుని అడిగాడు, దీనికో మగదాన్ని తెప్పించండీ అని. ఆ అబ్బాయి మంచోడే. ఎవరెవర్నో కనుక్కుని వొచ్చి, "రాములూ, ఇది పుట్టిన చోట చుట్టుపక్కల దీవుల్లో ఉన్నవన్నీ తినీసారు. గట్టిగా మిగిలింది ఒక్క దీవిలోనే. అక్కడినుండి ఇప్పుడు తేనివ్వరు, చట్టం ఒప్పుకోదు" అన్నాడు. మంచి చట్టమే తల్లీ, నాను కాదనను. అది లేకపోతే ఆ ఒక్క దీవీ ఖాళీ అయిపోయీది. కానీ దీన్ని ఎత్తుకొచ్చినప్పుడు ఏ చట్టం అడ్డం రాలేదు, తోడు కావాలన్నప్పుడే వొచ్చింది.

తౌకే పోయాక బంగళా అమ్మీసారు, అక్కడ కండోలు, అదే, డబ్బున్నోళ్ళ అపార్ట్‌మెంట్లు కట్టీసారు. మేం ఫ్లాటుకొచ్చాం. మామ్మని ఊరి చివర జంతువుల్ని సాకే చోటుకి పంపారు. లారీలో దాని పక్కనే కూకుని ఎళ్ళాడు మా ఆయన. అక్కడ ఒక మగది ఉంది, ఎవరో తెల్లోడు పెంచుకుని, దేశం ఎళ్ళిపోతా వొదిలీసినది. ఈయన బస్సులు మారి ప్రతి ఆదివారం ఎళ్ళీవోడు.

"ఏటి, మాటాడుకుంటన్నాయా?" అని అడిగీదాన్ని.

"ఎక్కడ? అది దగ్గరికొస్తే ఈవిడ తల లోపలికి లాగీసుకుంటంది."

అన్నేళ్ళు ఒంటరిగా ఉంది కదా, ఇంకో తాబేలు మొహం మర్చిపోయుంటాది, కాదేటి? ఏళ్ళు పట్టింది తల్లీ. ఒక ఆదివారం వొచ్చి, చెప్పులు విప్పకుండానే, "రెండూ ఒకే బురదలో పడుకున్నాయే" అన్నాడు. పెళ్ళి చేసొచ్చిన తండ్రి మొహంలాగ ఉంది ఆయన మొహం.

మరుసటేడు ఆయన పోయాడు. గుండె. మార్కెట్టుకని ఎళ్ళి... సర్లే, అదొదిలీ.

ఆ తరవాత అక్కడి డాక్టరమ్మాయి ఫోన్ చేసింది. "ఆంటీ, గుడ్డు పగిలింది, రండి" అని. అన్ని గుడ్లలో ఒక్కటే పిల్ల. నా అరచేతిలో పెట్టింది, బత్తాయంత ఉంది, డొప్ప ఇంకా మెత్తగా. చిన్ని గోళ్ళతో నా చెయ్యి గీకింది. నాను ఏడవలేదు. ఆయన చెయ్యి ఉండాల్సిన చోట నా చెయ్యి ఉందనిపించింది, అంతే.

దీన్ని ఆ దీవికి పంపుతారా అని అడిగాను. పంపరట. ఇక్కడ పుట్టినదాని ఒంట్లో ఏ రోగముంటాదో, అక్కడున్నవాటికి అంటుకుంటే మొదటికే మోసం అంది. మరి ఖాళీ అయిపోయిన దీవుల సంగతేటమ్మా అన్నాను. కొన్నింట్లో ఆ మిగిలిన జాతినే వొదుల్తున్నారట. పళ్ళు తిని గింజలు చల్లుతాయి, అడివి మళ్ళీ లేస్తాది అంది. సంతోషమే. కానీ పోయిన జాతులు పోయినవే కదా. చుట్టాలొచ్చారు, ఇంటోళ్ళు రాలేదు.

మామ్మ ఇంకా ఉంది. పిల్ల ఇప్పుడు అన్నం గిన్నె అంత అయ్యింది. పక్కపక్క దొడ్లలోనే ఉంటాయి, ఒకదాన్నొకటి ఎరగవు. ఆ పిల్ల సిమెంటు గట్టు దాకా ఎళ్తాది, ఆగుతాది, వెనక్కి తిరుగుతాది. నాను పోతాను, నీ మనవలూ ముసలోళ్ళవుతారు, అది అలగే ఆ గట్టు దాకా ఎళ్ళి తిరుగుతా ఉంటాది. అక్కడికి మించి నేల ఉందని దానికి ఎవరు చెప్తారు... ఏమోలే.

మీ అమ్మ చూస్తంటాది, ఎళ్ళు తల్లీ. చల్లగా ఉండు. ఎక్కడున్నా నీవాళ్ళ మధ్య ఉండు. ఆ... నీవాళ్ళ మధ్య ఉండు.