రెండు వందల పద్నాలుగో బిళ్ళ

"ఒక్క నాగా లేదు పెంటన్నా! పదకొండేండ్లల్ల ఒక్కటంటే ఒక్క నాగా లేదు! కార్ఖానా హాజరు రిజిస్టర్ల నీ బిళ్ళ నంబరు కాడికి రాంగనే నా వేలు ఆగిపోయింది. అరే, గీ మనిషిని సూడాలె అనుకున్న."

"సూసిండ్రు గద సాబ్. ఇగ పోయి రాండ్రి. బర్రెలకు కుడితి పెట్టాలె."

గౌలిపురలో బర్రెల కొట్టం వెనక చిన్న ఇల్లు. కాలేజీలో అర్థశాస్త్రం చెప్పే రామ్‌చందర్ నులక మంచం మీద కూర్చుని, నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకున్నాడు. సర్కారు ముందే లెక్కలు గీసి, తన సొమ్ము పోసి పెట్టించిన కార్ఖానాల చరిత్ర రాస్తున్నాడాయన. ఆ పిచ్చిలో పడి రెండేళ్ళుగా వేళకు అన్నం తిన్న పాపాన పోలేదు. ఎదురుగా నేల మీద ఆ ఇంటి మగమనిషి. గడప దగ్గర పుష్పమ్మ, కొంగు నిండా కప్పుకొని.

"గంత తొందరేంది? జర కూసో, నా లొల్లి ఏందో విను. పెద్ద పెద్ద పండితులు ఏమంటరో ఎరికేనా? సర్కారు ఎన్ని కార్ఖానాలు పెట్టినా దండుగే, మనోళ్ళు నిలవడి పని చెయ్యరు, బర్రె ఈనిందంటే ఇంటికి ఉరుకుతరు అంటరు. నువ్వేమో గౌలోళ్ళ మనిషివి. ఎన్ని బర్రెలు?"

"ఆరుండె. ఇప్పుడు రెండు."

"సూసినవా! అయినా నాగా లేదు. నా పుస్తకంల ఒక అధ్యాయం మొత్తం నీ మీదనే నిలవడ్డది."

"నా మీద ఏం నిలబెట్టకుండ్రి సాబ్. పేరు రాయకుంటెనే మంచిది."

"ఎందుకు?"

"ఊకెనే. పేరు పైకి పోతే పిలుస్తరు. పిలిస్తే ఏదో అడుగుతరు. బిళ్ళ పోతే నేనేం చెయ్యాలె? గా ఇత్తడి బిళ్ళ మీదనే నలుగురం తింటున్నం."

"బిళ్ళెందుకు పోతది? ఇనాం ఇస్తరు గని! కొన్ని కార్ఖానాలల్ల అన్నదమ్ములు ఒక్క బిళ్ళ మీద వంతులేసుకొని పోతరట. ఒకడు పోకుంటే ఇంకొకడు. నీ కాడ గట్ల లేదు గద?"

"గట్లెవరు చేస్తరు సాబ్."

"నేను గూడ గదే రాసిన. అమ్మా, చేతికి నెత్తురేంది?"

"గాజు గీసుకున్నది సాబ్. పొద్దుగాల ఎక్కిస్తుంటే ఒకటి పగిలింది."

"కొత్త గాజులా? ఏం పండుగ?"

"పండుగేం లేదు. కార్ఖానా కెల్లి ఎవరో వస్తున్నరంటే ఏసుకున్న."

"నేను కార్ఖానా మనిషిని కాదమ్మా, ఫికర్ చెయ్యకు. పెంటన్నా, ఇగ అసలు ముచ్చట. ఆరేండ్ల కింద, బహమన్ నెల. రంగుల ఖానాల ఆవిరి గొట్టం పగిలింది. యాదికున్నదా?"

"ఉన్నది."

"నువ్వు ఆడనే ఉన్నవా?"

"ఉన్నట్టే సాబ్."

"బయట ఏమంటరంటే, గా దినం మనిషి సచ్చిండని. నేను నమ్మలే. రిజిస్టరు ముందటేసుకొని కూసున్న. గా దినం పొద్దున పనిలకు పోంగ రంగుల ఖానా హాజరు డబ్బాల పడ్డ బిళ్ళలు ముప్పై ఒకటి. తెల్లారి పడ్డయి గూడ ముప్పై ఒకటే, అవే నంబర్లు. సచ్చినోడు తెల్లారి వచ్చి బిళ్ళ ఏస్తడా? ఎయ్యడు గద! అంటే ఎవరు సావలే. గిదీ నా లెక్క."

"మంచి లెక్క సాబ్."

"గా దినం సాయంత్రం పని దిగంగ నీ బిళ్ళ వాపసు ఎవరిచ్చిండ్రు?"

"జమేదారు. చేతుల పెట్టి, పొద్దుగాల రా, ఎవరికి ఏం చెప్పకు అన్నడు. పోయిన."

"ఏం చెప్పకు అని ఎందుకన్నడు?"

"గొట్టం... గొట్టం సంగతే సాబ్. పెద్దోళ్ళ దాంక పోతే జమేదారుకు మాట వస్తది గద."

"తెల్లారే పోయినవా? భయం గాలే?"

"ఏం గాలే. ఏం అనిపియ్యలే. ఇప్పుడు గూడ ఏం అనిపియ్యది. పోత, వస్త. పోత, వస్త."

"సాబ్, ఒక మాట అడగాల్నా?"

"అడుగమ్మా."

"గా పుస్తకం ఎన్ని దినాలుంటది?"

"మంచిగ రాస్తే నూరేండ్లుంటది."

"నూరేండ్ల దాంక, గా దినం ఎవరు సావలే అనే ఉంటదా?"

"ఉంటది. ఏం? సచ్చిండ్రా ఎవరన్నా?"

"పాలు తే. సాబ్‌కు పాలు తేపో."

"ఉండు పెంటన్నా, ఆమెను చెప్పనియ్యి. అమ్మా, ఎవరన్న సచ్చిండ్రంటే చెప్పు. అధ్యాయం మొత్తం చింపేస్త. సచ్చినోని పేరు రాస్త. నా కష్టం పోతే పోయింది."

"పేరు రాస్తే ఏమైతది?"

"విచారణ పెడతరు. ముప్పై ఒక్క మందిని పిలుస్తరు, బిళ్ళలన్నీ పరీక్ష చేస్తరు."

"అందరినా?"

"అందరిని. పెంటన్నను గూడ."

పుష్పమ్మ కొంగు ఇంకా ముందుకు లాక్కుంది.

"చెప్పమ్మా."

"ఎవరు సావలే సాబ్."

"నిజంగ?"

"మీ లెక్కనే నిజం. రాస్కోండ్రి."

"హమ్మయ్య! పానం లేచొచ్చింది. ఇగో, సాక్ష్యం కాయితం. సదువుత, విను. ‘నేను గౌలిపుర పెంటయ్యను. నా బిళ్ళ నంబరు రెండు వందల పద్నాలుగు. గొట్టం పగిలిన దినం నేను పనిల ఉన్న. ఎవరు సావలే.’ ఇగ వేలిముద్ర ఎయ్యి."

"వేలిముద్ర గూడనా?"

"అది లేకుంటే నా మాట ఎవరు నమ్ముతరు?"

"సాబ్, నేను... నాకు..."

పుష్పమ్మ అందుకుంది. "ఎయ్యి. ఏం ఆలోచన జేస్తవ్? పిల్లలున్నరు. ఎయ్యి."

"నువ్వే అంటున్నవా?"

"నేనే అంటున్న. ఎయ్యి."

"ఇగో సాబ్. మంచిగ పడ్డదా?"

"మస్తు పడ్డది! జిందా మిసాల్‌వు నువ్వు పెంటన్నా, బతికున్న ఉదాహరణవు! పోయొస్తనమ్మా, సలామ్."

రామ్‌చందర్ కాయితాన్ని ఊదుకుంటూ గల్లీలోకి దిగాడు.

"పోయిండా?"

"పోయిండు."

"మలుపు తిరిగిండా?"

"తిరిగిండు. ఇగ రాడు."

"వేలు కడుక్కో. సిరా పోదేమో, ఇటుక పొడితోని రుద్దు."

"రుద్దుత. నువ్వు జర కూసో. నిలవడే ఉన్నవు పొద్దటి సంది."

"కూసుంట. బొట్టు గూడ తుడుసుకుంట. గీ గాజులు పక్కింటి ఆండాలువి, ఇచ్చి రావాలె. మీ అన్న సచ్చిననాడు తీసినంక మళ్ళ ఇయ్యాల్నే ఎక్కించిన. ఇగ తీసెయ్యనా, మైసయ్యా?"