ఏరి కాదు సార్, గుంట

అట్ట తలకాయ ఊపితే ఎట్ట సార్? మూడోసారి వచ్చినా ఈ ఆఫీసుకు. పోయిన రెండుసార్లూ మీ సీట్లో వేరే ఆయన ఉండె. 'ఏరిలో చేపలు పెంచేదానికి లైసెన్సు లేదమ్మా, పో' అనేసినాడు. మీది యానామంట గదా! తెలుగాయన వచ్చినాడని వింటానే ఉతికిన చీర కట్టుకోని పరిగెత్తుకోనొచ్చినా.

నా పేరు వసంతమ్మ సార్. మూలకుళం దాటినాక మా చేను. దాంట్లో అరెకరం తవ్వించి విరాల్ చేప పెంచతా ఉండా. అదే, మీ ఊర్లో కొరమీనంటారే, అది.

సంగతేందంటే, సర్వే కాగితంలో నా గుంటను 'ఏరి' అని రాసిపెట్టినారు. ఏరి అంటే తమిళంలో ఏంది? ఊరుమ్మడి చెరువు. సర్కారుది. అంటే నా చేన్లో నేనే ఆక్రమణదారు! మా మామ శెనక్కాయలు వేసిన చేను సార్ అది. ఏరి యాడనుంచి వచ్చె? ఆకాశం నుంచి దిగెనా?

నవ్వతా ఉండారా? నవ్వండి. నాకూ మొదట్లో నవ్వే వచ్చె.

లైసెన్సు లేందే వైట్ టౌన్ హోటలాయన చేప తీసుకోనంటాడు. రెండేండ్లు నా చేపే వండినాడు. ఇప్పుడు 'అక్కా, రూల్సు మారె, కాగితం తే' అంటాడు. కడలూరు నుంచి ఐసుపెట్టెలో వచ్చే చేపను, నువ్వు ఏ నీళ్ళలో పుట్టినావని ఎవురన్నా అడుగుతా ఉండారా? అంతెందుకు, మూలకుళం పేర్లోనే కుళం, అంటే కొలను, ఉండాది, చూస్తే అంతా మేడలే. దాన్నొక మాట అడిగినోడు లేడు. నా అరెకరానికి మాత్రం ఇన్ని కాగితాలు!

కాదు సార్, రూలు వద్దని నేనన్లే. మురుగునీళ్ళలో పెంచేవోణ్ణి పట్టుకోండి, సంతోషం. నా నీళ్ళు చూపించమంటే బిందెతో తెస్తా.

అసలు కడుపుమంట వేరే ఉండాది. మా తోడికోడలు తిలకవతి. గట్టుకు అవతల ఆమెది. నా దాంట్లో సగం ఉండదు. ఆమెకు లైసెన్సొచ్చి నాలుగు నెల్లాయె. ఇప్పుడు హోటలుకు పోయేది ఆమె చేప! నా చేపలు కేజీ దాటి, మేతంతా తినేసి, ఒకదాన్నొకటి తింటా ఉండాయి. విరాల్ గదా, ఆకలైతే చుట్టమని చూడదు.

ఏందీ? సర్వే రోజు నేను యాడుండానా?

ఆడనే ఉండా సార్.

సరే, చెప్పేస్తా. సర్వే ఆయన తమిళాయన. ముందు తిలకవతి గట్టు మీద నిలబడి 'ఇదేందమ్మా' అన్నాడు. ఆమె 'కుట్టై' అనె. గుంట అని. రాసుకున్నాడు. అంతటితో ఊరుకోవచ్చు గదా? నా పక్క చెయ్యి చూపించి, 'అదీ గుంటే, రాసుకోండి' అనె. నా అరెకరాన్ని గుంట అంటదా సార్! పది మంది కూలోళ్ళ ముందర!

నాకు రోషం పొడుచుకోనొచ్చె. 'గుంట ఆమెది. నాది ఏరి! ఏరి అని రాయవయ్యా!' అన్నా. పాపం, ఆయన రెండుసార్లు అడిగె. రెండుసార్లూ అదే చెప్పినా. కింద సంతకం కూడా పెట్టినా.

నోరు మంచిదైతే ఊరు మంచిదని పెద్దోళ్ళు ఊరికే అన్లేదు. ఇంక ఆయన్నేమనేది?

కొట్టేసి గుంటని రాయండి సార్. గుంతని రాసినా సరే, సంతకం పెడతా. కానీ గట్టిగా మాత్రం చదవాకండి. లైసెన్సు కాగితాల సంగతి తెలుసని ఈసారి తిలకవతినే తోడు తెచ్చుకున్నా. బయట బెంచీ మీద కూసోనుండాది.