మోటరు విప్పిన ఎండకాలం

"నానమ్మా, మల్లేశం తాత బోయిన్‌పల్లిలనే ఉండి సుత మనింటికి ఎందుకు రాకపోయేటోడు?"

గిదే అడుగుదామని కూసున్నవా? ఎవల్లేని టైం చూసి అడుగుతున్నవ్. అడుగు బిడ్డా, నేను పోయినంక నీకెవలు చెప్తరు.

మల్లేశం నా తోడవుట్టిన తమ్ముడు. మా అమ్మ పొయ్యేనాటికి వానికి నడకొచ్చింది... కాదు కాదు, ఇంక పాకుతుండె. నేనే సంకలేసుకొని తిరిగిన. మా ఊరు మంజీర ఒడ్డుకు ఉంటది, తెలుసు గద. ఏటి పక్కపొంటి మా నాయన చేను. మల్లేశం పెద్దగయినంక ఏట్ల మోటరు పెట్టి చెరుకేసిండు. మోటరు తెచ్చిననాడు దానికి బొట్టు పెట్టి, పూలదండేసి, వాడకట్టంత బెల్లం పంచిండు. పెండ్లి సుత గంత ఖుషీగ చేసుకోలే వాడు.

మీ తాతదేమో నీళ్ళ డిపార్టుమెంటుల నౌకరీ. పట్నంకు నీళ్ళు గా మంజీర నుంచే వచ్చేది. ఆయన ఆడ పంపుల కాడ పనిచేసేటోడు, మేం ఈడ సికింద్రాబాద్ చిలకలగూడల కిరాయింట్ల ఉండేటోళ్ళం. మల్లేశానికి బావంటే పానం. బావ డ్యూటీల ఉన్నడని తెలిస్తే చాలు, జొన్నరొట్టెలు, పచ్చిపులుసు కట్టుకొని సైకిలెక్కేటోడు. ఇద్దరు ఏటి రాళ్ళ మీద కూసోని తినేది. జొన్నరొట్టె అంటే గప్పటి రొట్టె, మీ అమ్మ చేసే పాపడం లెక్క కాదు... సరే తియ్, ఏడికో పోతున్న.

ఓ యేడు వానల్లేవు. ముందటేడు సుత అంతంతే. ఏరెండి మడుగులు మిగిలినయ్. ఈడ సికింద్రాబాద్‌ల మాకు నల్లా ఎప్పుడొస్తదో తెల్వదు. ట్యాంకరొస్తే ఆడోళ్ళం బిందెలతోని కొట్టుకునేది. మీ నాయన గప్పుడు చిన్న పిలగాడు, విరేచనాలు పట్టుకున్నయ్, ఓనాడు వాని నోట్ల పొయ్యనీకి ఇంట్ల చుక్క లేకుండె. నాకు యాదికుంది. ఆడ ఊర్లనేమో చెరుకెండుతుండె. మల్ల మడుగులల్ల మొసళ్ళు. ఫారెస్టోళ్ళు వచ్చి, 'ఉన్న జెరన్ని నీళ్ళు గుంజితే మొసళ్ళు, కొంగలు సచ్చిపోతయ్' అన్నరట. ఊరోళ్ళకు మండింది. 'మొసలికున్న ఇలువ మాకు లేదా?' అని లొల్లి. మల్లేశమే అన్నడట, 'అదేం జేసిందిరా, లేచి వేరే ఊరికి పోతదా?' అని. వాడు గట్లనే, ఎండిపోయేది తన చేనైనా సరే.

ఇగ పైకెళ్ళి ఆర్డరొచ్చింది. ఏట్ల మోటర్లన్ని విప్పాలె, మిగిలిన నీళ్ళు పట్నం తాగనీకే అని. విప్పేటోళ్ళల్ల మీ తాత పేరు పడ్డది. పొయ్యేముందు నాతోని అన్నడు, 'నేను పోకపోతే ఇంకోడు పోతడు, పైపులు పలగ్గొడ్తడు. నేనైతే పైలంగ విప్పి వాని ఇంట్ల పెట్టిచ్చొస్త. వానలు పడంగనే మల్ల బిగించుకుంటడు.' నాకు సుత అదే మంచిగనిపిచ్చింది.

మల్లేశం ఒడ్డు మీద నిలవడ్డడట. మీ తాత బోల్టులిప్పే పానా తీసిండు. 'బావా, నువ్వా?' అన్నడట. అంతే. తిట్టినా బాగుండు, కొట్టినా బాగుండు. ఓ బోల్టు తుప్పువట్టి ఎంతకూ తిరుగుతలేదట. పానా జారి బావ చెయ్యి తెగుతదని, మల్లేశమే వంగి పైపును గట్టిగ పట్టుకున్నడట. తన మోటరు విప్పనీకి తనే సాయం పట్టిండు బిడ్డా. ఆ మాట చెప్పుకుంట మీ తాత, ఎన్నడు ఏడ్వని మనిషి, గోడ దిక్కు తిరిగిండు.

అటెన్క మల్లేశం ఇసుకల గుంత తవ్వి, ఊరిన నీళ్ళు ముంతతోని తోడి బర్లకు తాపిండు. చెరుకుకేం సరిపోతయ్ గవి? మొదలంట ఎండిపాయె. బర్లనమ్మిండు, తర్వాత చేనమ్మిండు. మల్ల యేడు వానలు మస్తు పడ్డయ్, ఏరు నిండ పారింది. గని చేను పరాయోళ్ళదైపాయె.

ఇగ బోయిన్‌పల్లి మార్కెట్ల హమాలీ పనికొచ్చిండు. వచ్చినట్టు నాకు చెప్పలే. నేను టమాటలకని పోతే కండ్లవడ్డడు. భుజం మీద బస్తా, మొఖం కనవడ్తలేదు, నడక చూసి గుర్తువట్టిన. 'ఇంటికి రారా' అన్న. చెమట తుడుచుకొని అన్నడు, 'బావ మీద కోపం లేదక్కా. ఆయన నౌకరీ ఆయన చేసిండు. గని నన్ను చూస్తే ఆయనకు ముద్ద దిగదు. ఎందుకు పరేషాన్ చేసుడు?'

ఇంటికొచ్చి చెప్పిన. మీ తాత ముందటి పల్లెం పక్కకు జరిపిండు. 'నేను పోయి పిలిస్తే, వాడు పని ఇడిచి నాకే మర్యాద చేస్తడు. ఇంక సిగ్గైతది నాకు' అన్నడు. గట్ల ఒకలికొకలు తక్లీఫ్ ఇయ్యొద్దనే, ఒక్క పట్నంల ఉండి మొఖాలు చూసుకోకుండ ఏండ్లు గడిపిండ్రు.

మీ తాత పోయిననాడు వచ్చిండు. ఎవలు చెప్పిండ్రో. ఆ సల్లటి చెయ్యి తన చేతులల్లకు తీసుకొని, 'బావా, రావాలని ఉండె' అన్నడు. వినేటోడు ఏడి? మూట మోసిన భుజం మీదనే పాడె మోసిండు. ఆ యేడు తిరగకముందే వాడు సుత పాయె.

ఎవల్ని తప్పు పట్టాలె? నీళ్ళు రాకపోతే మీ నాయన బతుకుతుండెనా? గని నాకొకటే అనిపిస్తది. పానా పట్టుకొచ్చే ముందుగాల, ఊరోళ్ళను కూసోబెట్టి, ఉన్న నీళ్ళు గివే, ఎట్ల చేద్దాం చెప్పుండ్రి అని అడిగితే, మల్లేశం సగం చెరుకు తనంతల తనే ఇడిచిపెట్టేటోడు. నా తమ్ముడు నాకు తెల్వదా? అడిగినోడే లేడు.

ఇయ్యాల మీ తమ్ముడు ఫోన్ చేసిండా? నువ్వే చెయ్, వానికి యాదుండదు. ఇద్దరు నిండు నూరేండ్లు సల్లగుండుండ్రి బిడ్డా. మాటొస్తే మొఖం మీదనే అనుకోండ్రి, అరుసుకోండ్రి, మల్ల ఒక్క పల్లెంల తినుండ్రి. ఊకుండి మాత్రం... ఊకుండి మాత్రం ఉండకుండ్రి.