గురమ్మ జుట్టు బిళ్ళలు

సభకు అధ్యక్షులైన మా ప్రిన్సిపాల్ వసంతకుమార్ గారికి నమస్కారం. ఒకప్పుడు నా క్లాసులో కిటికీ పక్కన కూర్చుని హాయిగా కునుకు తీసిన మనిషి, ఈరోజు వేదిక మీద కళ్ళు తెరుచుకుని నా మాటలు వినాల్సి వచ్చింది. చేసిన పాపం ఎక్కడికి పోతుంది? (నవ్వులు) పెద్దలకూ, ముప్పై నాలుగేళ్ళు నా కోపాన్ని భరించిన నర్సమ్మలకూ, ల్యాబు సిబ్బందికీ, ఈ కర్నూలు ఎండకు ఓర్చి వచ్చిన విద్యార్థులకూ నమస్కారం.

వెనకాల బ్యానరు మీద ‘ఆటోఇమ్యూన్ థైరాయిడ్ జబ్బులు - పరిశోధనలో కొత్త పోకడలు’ అని రాయించారు. పదవీ విరమణ రోజున కూడా నా చేత పాఠం చెప్పించుకోవాలన్న మీ ఆశకు దండం. పాఠం చెబుతాను, కానీ నేను ఈ మైకు ముందుకు వచ్చింది అందుకు కాదు. పన్నెండేళ్ళ కిందట నేను చేసిన ఒక తప్పు ఉంది. దాని భారం నేను కాక వేరే మనిషి మోసింది. దాన్ని ఈ సభలో దించి పోవాలని వచ్చాను. ధైర్యం చాలకపోతే మధ్యలో నీళ్ళు తాగుతాను, ఏమీ అనుకోవద్దు.

ముందు పాఠం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో గొంతు వాచిన ఆడమనిషి వస్తే ఉప్పు గురించి అడిగేవాళ్ళం. అయోడిన్ ఉప్పు ఊరూరికీ వచ్చింది, అయినా మా ఓపీలో వరుస తగ్గలేదు. ఒంట్లో కాపలా కాయాల్సిన కణాలే సొంత గ్రంథిని పరాయిదనుకుని దాడి చేస్తున్నాయని అప్పటికే పుస్తకాల్లో ఉండేది, మాకు తలకెక్కడానికి కొన్నేళ్ళు పట్టింది. గ్రంథి దెబ్బతిన్నాక బిళ్ళ రాసివ్వడమే అప్పట్లో వైద్యం. ఇప్పుడు పరిశోధన ఇంకొంచెం వెనక్కి వెళ్ళి, అసలు కాపలావాడికి మతి ఎందుకు చెడిందని అడుగుతోంది. జన్యువులను చూస్తున్నారు, పేగుల్లోని సూక్ష్మజీవులను చూస్తున్నారు, సెలీనియం అనే ఖనిజం ఇచ్చి చూస్తున్నారు. గ్రంథి అతిగా పనిచేసే జబ్బులో, దాన్ని రెచ్చగొట్టే యాంటీబాడీలనే రక్తంలోంచి తగ్గించే మందులను పరీక్షిస్తున్నారు. ఈ జబ్బు మగవాళ్ళకంటే ఆడవాళ్ళకు ఎన్నో రెట్లు ఎక్కువ ఎందుకన్నదానికి మాత్రం పూర్తి జవాబు ఇంకా లేదు. పిల్లలూ, ఆ జవాబు మీలో ఎవరన్నా చెబితే నేను బతికుండగానే చెప్పండి. (నవ్వులు)

ఈ పోకడల్లో మనదీ ఒక చిన్న పాలు ఉంది. జుట్టు ఊడకుండా వేసుకునే బిళ్ళల్లో బయోటిన్ అనే విటమిన్ ఉంటుంది. మనిషికి దానివల్ల హాని లేదు. కానీ అది రక్తంలో ఎక్కువగా ఉంటే కొన్ని థైరాయిడ్ పరీక్షల్లో మిషన్ తప్పు అంకెలు చూపిస్తుంది. గ్రంథి నీరసించిన మనిషికి అది అతిగా పనిచేస్తోందని చెబుతుంది. దీని మీద మన ఆసుపత్రి రోగులతో వ్యాసం రాశాం, నాకు శాలువాలు కప్పారు. ఆ వ్యాసంలో ‘ఏడో రోగి’ అని ఒకరున్నారు. ఆమె పేరు గురమ్మ. కమలాపురం ఆడపడుచు, కల్లూరు కోడలు. పేరు చెప్పొచ్చునా అని అడిగాను. చెప్పాల్సిందేనన్నది.

గురమ్మకు పెళ్ళయిన ఏడాదికే గ్రంథి నీరసించే ఈ జబ్బు బయటపడింది. నేనే థైరాయిడ్ బిళ్ళ మొదలుపెట్టాను. జుట్టు గుప్పెళ్ళుగా ఊడిపోతోందని బాధపడి, మందుల షాపులో అడిగి జుట్టు బిళ్ళలు తెచ్చుకుని, ఇంట్లో నవ్వుతారని పిండి డబ్బాలో దాచుకుని వేసుకునేది. ఇంతలో కడుపు నిలిచింది. రక్తపరీక్ష చేయిస్తే గ్రంథి అతిగా పనిచేస్తున్నట్టు కాగితం వచ్చింది. ‘వేరే మందులేమైనా వాడుతున్నావా’ అని అడిగాను. లేదన్నది. ఆమె లెక్కలో మందంటే జబ్బుకు వేసుకునేది, జుట్టుకు వేసుకునేది మందెలా అవుతుంది? నేను ఇంకో ప్రశ్న వేయలేదు.

ఆ రక్తం తీసింది మా ల్యాబు రాహేలమ్మ. అదిగో, మొదటి వరుసలో తల వంచుకుని కూర్చుంది. కాగితం పట్టుకుని నా గదికి వచ్చి, “ఆ యమ్మ చేతులు సల్లగా ఉండాయి సార్, నాడి నిదానంగా కొట్టుకుంటాంది. ఈ రిపోర్టు ఆ మనిషిది మాదిరి లేదు. ఇంగోసారి తీస్తా” అని చెప్పింది. రక్తం తీయడం నీ పని, చదవడం నా పని అన్నాను. ఆ రోజు ఓపీలో నూట పది మంది ఉన్నారు, కానీ అది సాకు. గురమ్మకు థైరాయిడ్ బిళ్ళ ఆపేశాను.

నాలుగో నెలలో బిడ్డ పోయింది.

వార్డులో ఆమె పక్కన కూర్చుని, నేను అడగని ప్రశ్నలన్నీ రాహేలమ్మ అడిగింది. పిండి డబ్బా సంగతి అప్పుడు తెలిసింది. జుట్టు బిళ్ళలు మాన్పించి, కొన్నాళ్ళాగి మళ్ళీ రక్తం తీస్తే అసలు అంకె కనబడింది. బిళ్ళ ఆపినందుకే బిడ్డ పోయిందని నేను రుజువు చేయలేను, కాదని కూడా చెప్పలేను. గర్భంలో ఆ మందు ఎంత అవసరమో మీకు పాఠం చెప్పేవాణ్ణి నేనే. గురమ్మతో మాత్రం ‘ఇలాంటివి జరుగుతుంటాయమ్మా’ అని, మళ్ళీ బిళ్ళ రాసిచ్చి పంపాను. వ్యాసంలో మొదటి పేరు నాది. రాహేలమ్మ పేరు చివర కృతజ్ఞతల్లో ఒక ముక్క. రాహేలమ్మా, నువ్వు ఎప్పుడూ అడగలేదు. అడగకపోయినా ఇవ్వాల్సింది. క్షమించు.

తరువాత గురమ్మకు ఒక పాప పుట్టింది, చక్కగా చదువుకుంటోంది. ఏటా శివరాత్రి తరువాత గురమ్మ గుండుతో ఓపీకి వచ్చేది. శ్రీశైలంలో తలనీలాలు ఇచ్చి వచ్చానంటే, అబ్బో, ఎంత భక్తి అని మెచ్చుకున్నాను కూడా.

పోయిన వారం వాళ్ళింటికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆమె, “సోకు బిళ్ళలు మింగి బిడ్డను పోగొట్టుకుంటివని మా యత్త అనింది సార్. నిజమే అనుకుంటి. జుట్టు కోసరం చేసిన పాపం, జుట్టే ఇచ్చి తీర్చుకుందామని ఏడాదికోసారి కొండకు పోతాండా. పన్నెండేండ్లాయ. మీరు ఆ పొద్దే ఒక్క మాట చెప్పింటే సాలు గదా” అంది.

నీళ్ళు తాగుతాను.

వ్యాసంలో ఒక వాక్యం ఉంది: ‘పొరపాటును గుర్తించి సరిదిద్దడమైనది.’ ఎక్కడ సరిదిద్దాం? కాగితం మీద సరిదిద్దాం, కల్లూరులో సరిదిద్దలేదు. ఏం చేయమంటావమ్మా అంటే ఆమె ఒక్కటే అడిగింది. “మా యత్త ఇనేటట్ల, పదిమందిలో చెప్పండి” అని.

అందుకే అత్తాకోడళ్ళిద్దరినీ ఇక్కడికి పిలిచాను. లక్ష్మీదేవమ్మ గారూ, మీరు నాకంటే పెద్దవారు. ఆ బిడ్డ మీ వంశంలో మొదటి బిడ్డ, మీ కడుపుకోత నాకు అర్థమవుతుంది. కానీ జుట్టు బిళ్ళలు బిడ్డను ఏమీ చేయలేదు. అవి మిషన్‌ను తప్పుదారి పట్టించాయి, నేను మనిషిని వదిలి మిషన్‌ను నమ్మాను, ఆమెకు కావలసిన మందు ఆపాను. మీ కోడలు ఏ తప్పూ చేయలేదు. తప్పు నాది. నాకు మీరు జవాబు చెప్పొద్దు. ఏమన్నా చెప్పాలనిపిస్తే, ఇంటికి పోయాక ఆమెకు చెప్పండి.

గురమ్మా, కొండకు పోవాలనిపిస్తే దేవుడి కోసం పో తల్లీ, శిక్ష కోసం పోవద్దు. శిక్షగా తలనీలాలు ఇవ్వాల్సింది నేను, నా తల చూస్తున్నావు కదా, ఇవ్వడానికి అక్కడేమీ మిగల్లేదు. (నవ్వులు)

ఇంతసేపు విన్నందుకు, నడుమ ఎవరూ లేచి పోనందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. నా గది తాళాలు ఆఫీసులో ఇచ్చేశాను. ఇక నాకు సెలవు.