గింకో గింజలకొచ్చే ఆమె

"ఆంటీ, ఇంత కంపు కొడ్తది కద, ఈ చెట్టెందుకు ఉంచుకున్నరు?"

కంపా? అవు బిడ్డా, కొడ్తది. గింకో ఇది. కూసో, చెప్త. కుర్చీ ఇటు జరుపుకో, ఎండ పడ్తుంది.

మేం దేశం ఇడిసి ఈ క్రాన్‌బర్న్‌కి వచ్చినప్పుడు ఈ వీధిల ఒక్క చెట్టు లేకుండె. పడమటి ఎండ సీదా హాల్లకు కొట్టేది. మీ అంకుల్, దోస్తు ఇచ్చిండని ఈ మొక్క తెచ్చి పెట్టిండు. దోస్తు గాదు, ఆఫీసుల మేనేజరు... ఎవరో ఒకరు. ఆడ చెట్టు పండ్లు కంపు కొడ్తయని నర్సరీలల్ల మగ మొక్కలే అంటుగట్టి అమ్ముతరు. ఇదేమో గింజతోని మొలిచింది, కాసేదాంక ఆడదో మగదో తెల్వదు. ఎంత మెల్లగ పెరిగిందనుకున్నవు! మా పిలగాడు యూనివర్సిటీకి పోయేదాంక కిటికీ మీదికి నీడే రాలె. మీ అంకుల్ మాత్రం ఎండాకాలమంత పొద్దుగాల లేసి నీళ్లు పోసుడే.

ఆయన పోయినంక కాసింది. దాని కాపు ఆయన సూసుకోనే లేదాయె. పండ్లు రాలి, ఫుట్‌పాత్ మీద పగిలి, పాడైన వెన్న వాసన. జనం అటు పక్కకెల్లి నడుస్తుండ్రి. మా కొడుకు సిడ్నీల, ద పాండ్స్ అనే కాడ ఉంటడు గద, "అమ్మా, జస్ట్ గెట్ ఇట్ రిమూవ్డ్" అని వాడే ఫోన్ల చెట్లు కొట్టే మనిషిని మాట్లాడిండు.

ఆ మనిషి రంపం పట్టుకొని వ్యాన్ దిగిండు. గప్పుడే ఒక చైనా ముసలామె, చేతులకు గ్లవ్స్, బకెట్ పట్టుకొని వస్తుంది. రంపం సూసింది, ఇగ వాణ్ని ఏమేమో తిట్టింది వాళ్ల భాషల. వాడు నా దిక్కు సూసె. నేను ఆమె దిక్కు సూస్తి. ఆమె వంగి, నా మొఖం కూడ సూడకుండ, గబగబ పండ్లు ఏరుకుంటుంది. నాకేమైందో, "నాట్ టుడే" అన్న. మళ్ల పిలువనే లేదు వాణ్ని.

రెండు రోజులకు ఆమె గింజలు ఏయించి గిన్నెల పెట్టుకొచ్చింది. పచ్చగ, మెత్తగ ఉన్నయి. గట్లనే ఆకులు రాలే కాలం, ప్రతి ఆటమ్‌కి వచ్చేది. ఆమెకు ఇంగ్లీషు రాదు. ఆమె వాళ్ల భాషల, నేను తెలుగుల. గంటలు గంటలు! నవ్వకు, నిజమే. సిడ్నీల మనవరాలేమో, ఫోన్ల నేను తెలుగుల అడిగితె ఇంగ్లీషుల చెప్తది. మీ అంకుల్ పోయినంక నేను కడుపునిండ తెలుగు మాట్లాడింది ఆమెతోనే. ఆయన పానం ఎట్ల పోయిందో కూడ చెప్పిన. ఏం సమజైందో ఏమో, నా చెయ్యి పట్టుకొని కూసున్నది.

ఈ ఏడు ఆమె రాలె.

పండ్లు రాలినయి, ఆకులన్ని పసుప్పచ్చగై రాలినయి. ఊడ్వనే లేదు నేను. పోయిన వారం ఆమె కనబడ్తదేమోనని రైలు స్టేషన్ దాంక పోయి వస్తి, ఒక్కొక్క గేటు కాడ నిలబడి. ఎవర్నన్న అడుగుదమంటె ఏమని అడుగుదు? ఇన్నేండ్లు... పేరు అడగలె బిడ్డా నేను. ఆమె కూడ అడగలె.

పో ఇగ, నీకు క్లాసున్నది గద. సల్లగుండు. మంచిగ చదువుకో. నీకు మంచోళ్లు దొరకాలె, దొరికినోళ్లు చానా ఏండ్లు నీ పక్కనే ఉండాలె. ఇంతకు, మొన్నొకసారి చెప్పినవు గానీ... నీ పేరేంది బిడ్డా, మళ్లొకసారి చెప్పు.