అమ్మ చేతిలో ఫోన్

కోరుట్లలో బీడీలు చుట్టే ఒక తల్లి చాట పక్కకు జరిపి, ఫోన్ ఆటలో మునిగిపోయింది. కాలేజీ నుంచి వచ్చిన కూతురు ఎదురుగా కూర్చుంది.

“అమ్మా, గీ ఆట నీకు రోగమైంది.”

“రోగమేంది బిడ్డా? కల్లు తాగుతున్ననా? రంగుల గోళీలు జరుపుతున్న, గంతే.”

“పొద్దుగాల బాత్రూంల గంతసేపు ఏం జేసినవ్?”

“కడుపునొప్పి.”

“కడుపునొప్పికి మ్యూజిక్ వస్తదా?”

తల్లి నవ్వు ఆపుకోలేకపోయింది. “ఎప్పుడంటే అప్పుడు బంద్ చేస్త తియ్.”

“బాపు తాగే రోజులల్ల గదే మాట చెప్తుండె. దాసుకొని తాగుతుండె.”

ఆమె వేలు తెరమీద ఆగిపోయింది. ఆ రోజులు ఎలా గడిచాయో ఆమెకు తెలుసు. ఆట ఆపి ఫోన్ కూతురి చేతిలో పెట్టింది.

“దాసిపెట్టు బిడ్డా. యాడ దాసినవో, నేను కాళ్లు పట్టుకున్నా చెప్పకు.”